ఆవేశని సిద్ధార్థుడి సంసారం

మన చరిత్ర పుస్తకాల్లో రాజులకే పిల్లలుంటారు. పనివాళ్ళకు ఉండరు. రాజుకు కొడుకు పుడితే అది వంశక్రమం, పుట్టకపోతే దత్తత, దత్తత మీద తగాదా వస్తే యుద్ధమో దావానో. రైతు గురించి చెప్పవలసి వస్తే శిస్తు ఎంత కట్టాడో చెబుతారు. శిల్పి గురించి చెప్పవలసి వస్తే ఉలి ఎంత సున్నితంగా పట్టాడో చెబుతారు. సాయంత్రం ఆ ఉలి పక్కన పెట్టి ఇంటికి వెళ్ళినప్పుడు అతని కాళ్ళకు ఎవరు చుట్టుకున్నారన్నది చరిత్రకు అక్కరలేని విషయంగా మనం అలవాటు పడ్డాం. ఆధారాలు లేవు కాబట్టి రాయలేమంటారు. అన్నిచోట్లా లేవన్నది నిజమే. కాని ఉన్నచోట కూడా మనం చదవటం లేదు. అలాంటి ఆధారం ఒకటి మా ప్రాంతంలోనే ఉంది. దాని గురించి ఈ వ్యాసం.

మాది ముక్త్యాల. జగ్గయ్యపేటకు దక్షిణంగా కృష్ణ ఒడ్డున ఉన్న ఊరు. బయటివాళ్ళకు ముక్త్యాల అనగానే రాజా గుర్తొస్తాడు. వాసిరెడ్డి వంశపు జమీందారు, కోట, ముక్తేశ్వరస్వామి గుడి, ఆపైన నందికొండ ప్రాజెక్టు కోసం రాజా చేసిన ప్రయత్నాలు. 1955 డిసెంబరు 10న నెహ్రూ నాగార్జునసాగర్‌కు శంకుస్థాపన చేసిన దాకా నడిచిన ఆ ప్రయత్నాల్లో ఆయన పాత్రను ఎవరూ కాదనరు, నేనూ కాదనను. మా మెట్ట పొలాలకు ఎడమ కాలువ నీళ్ళొచ్చాయి. అయితే ఒక ప్రాంతం చరిత్ర ఒక కోట గుమ్మంలోనుంచి మాత్రమే కనిపించటం ఆరోగ్యం కాదు. మా పక్కనే జగ్గయ్యపేట దగ్గర దిబ్బలో దొరికిన రాతి మీద ఒక పనివాడి కుటుంబమంతా పేరుపేరునా ఉంది. ఆ సంగతి మా బడిలో మాకెవరూ చెప్పలేదు.

ఆ దిబ్బను ధనంబోడు అంటారు. పేరు వింటేనే అర్థమవుతుంది, జనం దాన్ని ఎందుకు తవ్వారో. ధనం దొరకలేదు, రాళ్ళు దొరికాయి. వాటిలో చాలా భాగం ఎవరి అవసరానికి వాళ్ళు పట్టుకుపోయారు. 1882లో జేమ్స్ బర్జెస్ వచ్చి తవ్వించేసరికి అక్కడ ఒక బౌద్ధ స్తూపం మొండెం, దానికి తాపిన పలకల్లో కొన్ని, ఆయక స్తంభాలు మిగిలి ఉన్నాయి. 1887లో అమరావతి, జగ్గయ్యపేట స్తూపాల మీద ఆయన పుస్తకం వచ్చింది. శాసనాలను బ్యూలర్ చదివాడు. అమరావతి ముందు జగ్గయ్యపేట స్తూపం చిన్నది, కాబట్టి పుస్తకంలోనూ చిన్న స్థానమే దక్కింది. తర్వాత వచ్చిన చరిత్రకారులు ఆ స్తంభ శాసనంలో ఒక్క విషయం తీసుకున్నారు. ఇక్ష్వాకు రాజు మాఢరీపుత్ర వీరపురుషదత్తుడు కనీసం ఇరవై ఏళ్ళు పాలించాడనీ, ఆయన ఏలుబడి ఇక్కడిదాకా ఉందనీ రుజువు దొరికింది. రాజుగారి సంవత్సరం తీసుకుని, ఆ సంవత్సరం రాయించిన మనిషిని వదిలేశారు.

ఆ శాసనం చెప్పేది ఇది. శ్రీ వీరపురుషదత్తుని ఇరవయ్యో సంవత్సరం, వర్షాకాలం ఎనిమిదో పక్షం, పదో రోజు. కమ్మక రాష్ట్రంలోని నడతూరుకు చెందిన ఆవేశని నాకచందుడి కొడుకు, మహాకాండూరూరు గ్రామంలో నివసించే ఆవేశని సిధథుడు, అంటే సిద్ధార్థుడు, వెలగిరి గ్రామంలో బుద్ధభగవానుడి మహాచైత్యానికి తూర్పు ద్వారం దగ్గర అయిదు ఆయక స్తంభాలు నిలబెట్టించాడు. ఒక్కడే నిలబెట్టించానని రాసుకోలేదు. తన తల్లి నాగిలనిని ముందుంచి, భార్య సముదని, కొడుకు మూలసిరి, కూతురు నాకబుధనిక, తమ్ముడు బుధినకుడు, అతని భార్య కణిక, వాళ్ళ కొడుకులు నాగసిరి, చందసిరి, కూతురు సిధథనిక, ఇంకా జ్ఞాతులు, మిత్రులు, సంబంధీకులు, వీళ్ళందరితో కలిసి. ఫలం ఎవరికి? సమస్త ప్రాణుల హితానికీ సుఖానికీ.

తమ్ముడని నేనంటున్నాను. శాసనంలో ఉన్నది సోదరుడనే మాట. పెద్దవాడు ఇంటి తరఫున రాయించి ఉంటాడని నా అనుకోలు.

ఆవేశని అంటే శిల్పుల, పనివాళ్ళ మేస్త్రి. పనిశాల అతని చేతికింద ఉంటుంది. సాంచిలో పెద్ద స్తూపం దక్షిణ తోరణం మీద శాతకర్ణి రాజుగారి ఆవేశని ఆనందుడు పేరు చెక్కించుకున్నాడు. తన్ను వాసిష్ఠీపుత్రుడని, తల్లి పేరుతో చెప్పుకున్నాడు. మన సిద్ధార్థుడు ఏ రాజుగారి ఆవేశనినీ అని చెప్పుకోలేదు. ఫలానా ఆవేశని కొడుకును, నేనూ ఆవేశనినే అన్నాడు. తండ్రి పని కొడుక్కి వచ్చింది. తండ్రి పేరు పరిచయం దగ్గర ఉంది గాని, కలిసి దానం చేసినవాళ్ళ వరసలో లేదు. అప్పటికి చనిపోయి ఉంటాడు. అందుకే తల్లి ముందుకొచ్చిందని ఎవరైనా అనవచ్చు. అయినా, తండ్రి పోయాక ఇంటి యజమాని కొడుకే కదా! అతను తన పేరు తరవాత వెంటనే భార్యాపిల్లల్ని చెప్పి, చివర్లో ముసలి తల్లిని చేర్చవచ్చు. చేర్చలేదు. శాసనంలో 'పురతో' అనే మాట ఉంది. ముందర అని. ఇంటిల్లిపాదీ కదిలి ఎక్కడికైనా వెళుతున్నప్పుడు పెద్దావిణ్ణి ముందు నడవనిస్తామే, అలాంటి నడక ఆ మాటలో నాకు కనిపిస్తుంది.

ఇక పిల్లల పేర్లు చూడండి. నేను చాలాకాలం ఈ పేర్లను మిగతా ప్రాకృతం పేర్ల మాదిరే చదివి వదిలేశాను. ఒకసారి మా అమ్మాయి తన పేరు ఎందుకు పెట్టారని అడిగింది. నాయనమ్మ పేరు సగం, అత్త పేరు సగం అని చెబుతుంటే ఈ రాయి గుర్తొచ్చింది. తీసి మళ్ళీ చదివాను. తాత పేరు నాకచందుడు. నాక అన్నా నాగ అన్నా ఒకటే. ఆయన మనుమలిద్దరి పేర్లు నాగసిరి, చందసిరి. ఒక తాత పేరును రెండుగా విడగొట్టి ఇద్దరు మనుమలకు పంచారు. అంతకంటే చక్కని సంగతి ఆడపిల్లల పేర్లలో ఉంది. సిద్ధార్థుడి కూతురు నాకబుధనిక. అందులో నాయనమ్మ నాగిలని పేరో తాత నాకచందుడి పేరో ముందుంది, వెనక బాబాయి బుధినకుడి పేరుంది. బుధినకుడి కూతురు సిధథనిక. అది పెదనాన్న సిద్ధార్థుడి పేరు. అన్నదమ్ములిద్దరూ తమ ఆడపిల్లలకు ఒకరి పేరు ఒకరు పెట్టుకున్నారు.

ఈ ఒక్క సంగతి చాలు, ఆ ఇల్లు ఎలాంటిదో ఊహించటానికి. ఊహ అంటే చరిత్రకారులు నొసలు ముడుస్తారు. కాని పేర్లు ఊహ కాదు, రాతి మీద ఉన్నాయి. పంపకాలు వచ్చి పడి కత్తులు దూసుకున్న అన్నదమ్ముల కథలే మనకు చరిత్రగా మిగిలాయి. వాళ్ళు రాజుల అన్నదమ్ములు. ఆస్తి రాజ్యమైనప్పుడు తమ్ముడు పోటీదారు. ఆస్తి పనితనమైనప్పుడు తమ్ముడు చేతికింద మనిషి, భుజం పట్టే మనిషి. రాయి ఒక్కడు ఎత్తలేడు. ఆ అవసరం ఆప్యాయత అయి, ఆప్యాయత ఆడపిల్ల పేరయింది. భౌతిక జీవితంలో నుంచి అనుబంధాలు ఎలా పుడతాయో తెలుసుకోవటానికి మనకు సిద్ధాంత గ్రంథాలు ఉన్నాయి. ఉదాహరణ జగ్గయ్యపేటలో ఉంది.

మరో మాట కూడా గమనించాలి. భాష ప్రాకృతం, రాజు పేరు సంస్కృతానికి దగ్గర. నడతూరు, మహాకాండూరూరు మాత్రం మన ఊళ్ళు. ఆ చివరి 'ఊరు' ఇవాళ్టికీ మన నోట్లో ఉంది. మూలసిరిలో సిరి కూడా. శాసనం రాయించే భాష ఒకటి, ఇంట్లో పిల్లాణ్ణి కేకేసే భాష మరొకటి అయి ఉండాలి. సిద్ధార్థుడు కూతుర్ని ఇంట్లో ఏమని పిలిచేవాడో రాయి చెప్పదు.

ఇదే స్తూపం నుంచి వచ్చిన మరో పలక లోకప్రసిద్ధం. చెన్నై మ్యూజియంలో ఉంది. భారతీయ శిల్పకళ మీద ఏ పెద్ద పుస్తకం తెరిచినా దాని బొమ్మ ఉంటుంది. చక్రవర్తి నిలబడి చెయ్యి పైకెత్తాడు, మేఘాల్లోంచి చదరపు నాణేలు వానగా కురుస్తున్నాయి, చుట్టూ సప్తరత్నాలు. క్రీస్తుపూర్వం ఒకటో శతాబ్దం నాటిదంటారు. సిద్ధార్థుడు స్తంభాలు నిలబెట్టేనాటికి మూడు వందల ఏళ్ళ పాతది. తూర్పు ద్వారం దగ్గర పని చేయించినవాడు దాన్ని చూడకుండా ఉండడు. ఆ చక్రవర్తిని మాంధాతగా గుర్తించారు.

మాంధాత పుట్టుక మనకు రెండు రకాలుగా వినిపిస్తుంది. భారతంలో యువనాశ్వుడనే రాజు, భార్య కోసం మంత్రించి ఉంచిన నీళ్ళు దాహానికి తాను తాగేస్తాడు. గర్భం అతనికే వస్తుంది. పక్క చీల్చుకుని కొడుకు పుడతాడు. తల్లి లేదు, పాలెవరిస్తారు? ఇంద్రుడు వేలు నోటికి అందించి, నన్ను చీకుతాడన్నాడనీ, అందుకే ఆ పేరు వచ్చిందనీ కథ. బౌద్ధుల దివ్యావదానంలో ఉపోషధుడనే రాజుకు తలమీద కంతి లేచి, అది పగిలి బిడ్డ బయటికొస్తాడు. అంతఃపుర స్త్రీలందరికీ పాలు చేపుకొస్తాయి, నా దగ్గర తాగమంటే నా దగ్గర తాగమంటారు. మతాలు రెండూ పోట్లాడుకున్నాయి గాని ఈ విషయంలో రాజీపడ్డాయి. మహాచక్రవర్తి ఆడదాని కడుపున పుట్టటానికి వీల్లేదు. రాజ్యం తండ్రి నుంచి కొడుక్కి నేరుగా రావాలి, మధ్యలో తల్లి ఎందుకు? పాలివ్వటానికి మాత్రం ఆడవాళ్ళు కావాలి. ఇక సప్తరత్నాల లెక్క తెలిసిందే. చక్రం, ఏనుగు, గుర్రం, మణి, వాటితో పాటు స్త్రీ. రాణి కూడా ఏనుగూ గుర్రాల సరసన ఒక రత్నం.

ఆ మాంధాత కథ ముగింపు కూడా చెప్పాలి, బౌద్ధుల పట్ల న్యాయంగా ఉండాలి కాబట్టి. చెయ్యి చరిస్తే ధనం కురిసినా అతనికి చాలలేదు. స్వర్గానికి వెళ్ళి ఇంద్రుడితో సగం సింహాసనం పంచుకున్నాడు. ముప్ఫయి ఆరుగురు ఇంద్రులు మారినా అతను మారలేదు. చివరికి ఉన్న ఇంద్రుణ్ణి కూడా తొలగించి ఒక్కడే ఏలాలనుకున్నాడు, కింద పడ్డాడు. కథ నీతి దురాశకు వ్యతిరేకమే. కాని పలక మీద శిల్పి చెక్కింది పతనాన్ని కాదు, నాణేల వానను. దాతలకు అదే కావలసి వచ్చింది కాబోలు.

ఇప్పుడు రెండు రాళ్ళనూ పక్కపక్కన ఉంచండి. ఒకదాంట్లో తల్లి లేని కొడుకు, కష్టం లేని ధనం. రెండోదాంట్లో తల్లిని ముందుంచిన కొడుకు, పనిచేసి సంపాదించిన ధనం. రాయి రెండింటికీ ఒకే రకం, మన పల్నాటి సున్నపురాయి. ఇవాళ జగ్గయ్యపేట చుట్టుపక్కల సిమెంటు ఫ్యాక్టరీలు ఆ జాతి రాయినే పిండి చేస్తున్నాయి. కళావిమర్శకులు మొదటి రాయి ముందు ఆగిపోయారు. అందులో తప్పేముంది, అది గొప్ప శిల్పమే. స్తంభం మీద ఉన్నవి అక్షరాలు మాత్రమే. అయితే ఆ అక్షరాలు కూడా చూడదగ్గవి. నిలువు గీతలను కిందికీ పైకీ పొడుగ్గా సాగదీసి కొసలు వంచారు. ఇక్ష్వాకుల కాలపు లిపికి జగ్గయ్యపేట అక్షరాలను అందుకే ఉదాహరిస్తారు. తన పిల్లల పేర్లు చెక్కేటప్పుడు మేస్త్రి ఎవరి చేతికిచ్చాడో! స్వయంగా చెక్కాడేమో కూడా.

రాజకుటుంబం ఎలా రాయించుకుందో చూస్తే ఈ తేడా ఇంకా తెలుస్తుంది. ఇదే వీరపురుషదత్తుడి ఆరో సంవత్సరంలో నాగార్జునకొండలో మహాచైత్యం కట్టించింది అతని మేనత్త చాంతిసిరి. ఆడవాళ్ళు, అందులోనూ రాజుకు మేనత్తలూ వాళ్ళ కూతుళ్ళూ, పెద్ద దాతలు కావటం ఇక్ష్వాకుల విశేషం. మేనరికాలు కూడా ఆ శాసనాల్లోనే స్పష్టంగా ఉన్నాయి. రాజు మేనత్త కూతుళ్ళను చేసుకున్నాడు. కాని ఆ శాసనాల్లో బంధుత్వం ఎప్పుడూ బిరుదులతో కలిసి వస్తుంది. అశ్వమేధం చేసినవాడు, వాజపేయం చేసినవాడు, కోటి బంగారు నాణేలు, లక్ష గోవులు, లక్ష నాగళ్ళు దానం చేసినవాడు, అతనికి సోదరి, ఇతనికి భార్య, మరొకరికి తల్లి. బంధుత్వం అక్కడ హోదాకు నిచ్చెన. సిద్ధార్థుడి వరసలో తల్లి తల్లే, భార్య ఇల్లాలే, పిల్లలు బాలకుడు, బాలిక. లక్ష నాగళ్ళు లేవు.

ఆ నాగార్జునకొండ లోయ ఇప్పుడు నీళ్ళలో ఉంది. ముక్త్యాల రాజా పట్టుబట్టిన ప్రాజెక్టు ఇక్ష్వాకుల రాజధాని విజయపురిని ముంచింది. 1954 నుంచి 1960 దాకా హడావుడిగా తవ్వి, దొరికినవి కొండమీదికి చేర్చారు. మా కడుపులు నింపిన నీళ్ళవి, వాటిమీద నాకు ఫిర్యాదు లేదు. రాజవంశం శాసనాలున్న లోయ మునిగి, ఒక మేస్త్రి శాసనమున్న దిబ్బ మునగకుండా మిగలటం చరిత్రలో అరుదు కాబట్టి చెబుతున్నాను.

తల్లిదండ్రుల పేర్లు శాశ్వతం చెయ్యాలన్న కోరిక మా ప్రాంతంలో మరొకరికీ కలిగింది. అమరావతి జమీందారు వాసిరెడ్డి వెంకటాద్రినాయుడు. ఆయన తండ్రి జగ్గయ్య పేరుతో పాత బేతవోలు జగ్గయ్యపేట అయింది. తల్లి అచ్చమ్మ పేరుతో కృష్ణకు అవతలి ఒడ్డున అచ్చంపేట వెలిసింది. ఊరి పేరు మార్చగలిగినవాడి మాతృభక్తి అలా ఉంటుంది. ఆయన చెంచులను విందుకు పిలిచి తలలు నరికించాడనీ, ఆ పాపం పోవటానికే గుళ్ళు కట్టించాడనీ జనం ఈనాటికీ చెప్పుకుంటారు. నరుకుళ్ళపాడు అనే ఊరి పేరును ఆ కథతోనే ముడిపెడతారు. ఆ చెంచుల పిల్లల పేర్లు ఏ ఊరికీ లేవు.

వెంకటాద్రినాయుడికి కడుపున పుట్టిన కొడుకులు లేరు. ఇద్దరిని దత్తు తీసుకున్నాడు. 1816లో ఆయన పోయాక ఆస్తి ఎవరిదనే తగాదా మొదలై లండన్‌లో ప్రివీ కౌన్సిలు దాకా వెళ్ళింది. 1846లో తీర్పు వచ్చింది. రంగమ్మ, అచ్చమ్మల కేసుగా లాయర్లందరికీ తెలుసు. మొదటి దత్తపుత్రుడు బతికి ఉండగా రెండో దత్తత చెల్లదు అన్నారు. అంటే ఒక పిల్లవాణ్ణి ఇంటికి తెచ్చి, నాన్నా అని పిలిపించుకుని, పెంచి పెద్దచేశాక, అతను కొడుకు కాడని ఒక కోర్టు చెప్పవచ్చు. చట్టం దృష్టిలో అది సబబే కావచ్చు. తండ్రితనం అంటే ఆస్తి నడిచే దారి అయినప్పుడు వచ్చే ప్రశ్నలు అవే. కృష్ణ ఒడ్డున మూడో శతాబ్దంలో ఒక మేస్త్రి తండ్రితనం గురించి రాయించింది ఒకటి, పంతొమ్మిదో శతాబ్దంలో జమీందారీ తండ్రితనం గురించి లండన్‌లో రాసింది మరొకటి. మా న్యాయశాస్త్ర విద్యార్థులు రెండోది బట్టీపడతారు.

ఇంతవరకు సిద్ధార్థుణ్ణి పొగుడుతున్నట్టే ఉంది. అతన్ని మరీ పైకెత్తటం నా ఉద్దేశం కాదు. అయిదు స్తంభాల ఖర్చు భరించగలిగినవాడు కూలివాడు కాదు. అతని పనిశాలలో ఉలి పట్టినవాళ్ళు, రాయి లాగినవాళ్ళు, బండి తోలినవాళ్ళు ఎందరో ఉండాలి. వాళ్ళ తల్లుల పేర్లు, పిల్లల పేర్లు లేవు. మేస్త్రి వర్గం రాజుకూ కూలికీ మధ్యన నిలబడి తన పేరు మాత్రం దక్కించుకుంది. ఇంట్లో కూడా కొడుకును ముందు చెప్పి కూతుర్ని తర్వాత చెప్పాడు. ఈ లోపాలు లేనట్టు నటిస్తే మనకూ రాజుల చరిత్ర రాసేవాళ్ళకూ తేడా ఉండదు.

ఇక్కడ నా సొంత సంగతి ఒకటి చెబుతాను. మా అమ్మ మిరపకోతలకు వెళ్ళేది. జగ్గయ్యపేట, నందిగామ మెట్టల్లో మిరప పండే చేలకు కోతల కాలంలో ఎంతమంది ఆడవాళ్ళున్నా చాలరు. పసిబిడ్డ ఉంటే గట్టుమీద వేపచెట్టుకు పాతచీర ఉయ్యాల. కారం చేతులతో బిడ్డను ముట్టుకోకూడదు. కళ్ళు మండుతాయి. బిడ్డ ఏడిస్తే చేతులు కడుక్కోటానికి నీళ్ళ దగ్గరికి వెళ్ళి రావాలి, అప్పటికి బిడ్డ ఏడ్చి ఏడ్చి పడుకునేది. నేను ఎప్పుడు నడిచానని ఒకసారి అమ్మను అడిగాను.

"నువ్వు మొదలు నడవటం నేను చూళ్ళేదమ్మా. పొద్దున పోయేటప్పుడు పాకుతున్నావు. సందేళ ఇంటికొచ్చేసరికి మీ నాయనమ్మ చెయ్యి వదిలి నడుస్తున్నావు" అంది. బాధపడుతూ కూడా చెప్పలేదు. అందరికీ అంతే అన్నట్టు చెప్పింది.

మన ఇళ్ళల్లో బిడ్డ నడిస్తే అడుగులకు అరిసెలు చేస్తారు. మాటలొస్తే పలుకులకు చిలకలు పంచుతారు. మన ఆడవాళ్ళు క్షణాలను రాసిపెట్టుకునే పద్ధతి అది. బియ్యం నానబోసి, దంచి, జల్లించి, బెల్లం పాకంపట్టి, ఇరుగుపొరుగుకు తలా ఒకటి పంచటం. మా బిడ్డ నడిచిందహో అని వీధికంతా చెప్పటం. సాయంత్రానికి అరిసెలు అయిపోతాయి, ఆ రాతా అయిపోతుంది. సిద్ధార్థుడిది రాయి కాబట్టి పదిహేడు వందల ఏళ్ళు నిలిచింది. అతని తల్లి నాగిలని ఏం పంచిందో మనకు అందలేదు. ఇంటి చరిత్రలో సగం ఇలా తినేసిన చరిత్ర. మిరప చేలకు పోయే ఇళ్ళల్లో అరిసెలకు బెల్లం ఎప్పుడూ ఉండేది కాదు కాబట్టి ఆ సగంలో కూడా వాళ్ళకు వాటా తక్కువే.

నాకు ఇద్దరు పిల్లలు. నేను ఉద్యోగం చేసుకునే మనిషిని, నీడపట్టున పని. అయినా మా పెద్దది నిలబడటం నేను చూశాను గాని రెండోవాడిది చూడలేదు, ఆ వేళ బస్సులో ఉన్నాను. వాడు ఇప్పుడు నా భుజం దాటాడు. పిల్లల బాల్యం తల్లిదండ్రులు చూస్తుండగా జరిగేది కొంత, చూడకుండా జరిగేది చాలా. ఎవరి బాల్యాన్ని ఎవరికి చూసే తీరిక ఉందన్నది ఆ ఇంటి శ్రమ పద్ధతి నిర్ణయిస్తుంది. దీన్ని మనం వ్యక్తిగత విషయమని సాహిత్యంలో కూడా పక్కకు నెట్టాం. చలం 'బిడ్డల శిక్షణ' రాసినప్పుడు పిల్లల పెంపకం కూడా సమాజ విమర్శేనని తెలుగువాళ్ళకు తెలిసింది. ఆ దారిలో వచ్చిన ఆలోచన చదువుకున్న ఇళ్ళ గడప దాటి, చీర ఉయ్యాల దాకా తగినంతగా రాలేదని నా అభిప్రాయం.

ధనంబోడులో మరో శాసనం దొరికింది. సిద్ధార్థుడి తర్వాత ఎన్నో తరాలకు, ఆరో శతాబ్దం ప్రాంతపు లిపి. చంద్రప్రభుడనే భిక్షువు బుద్ధ ప్రతిమ ప్రతిష్ఠించాడు. తన్ను జయప్రభాచార్యుడి శిష్యుడుగా, ఆయన్ను భదంత నాగార్జునాచార్యుడి శిష్యుడుగా చెప్పుకున్నాడు. ఈ నాగార్జునుడు ఆ మహాదార్శనికుడేనా అన్న చర్చలోకి నేను పోవటం లేదు. నాకు కావలసింది ఆ వరస. ఇల్లు వదిలిన మనిషికి కూడా ఒక వంశం కావలసి వచ్చింది. రక్తంతో కాదు, చెప్పినదాన్ని అందుకోవటంతో కట్టిన వంశం. ప్రభ అనే మాట గురువు పేరులోంచి శిష్యుడి పేరులోకి నడిచింది, అచ్చంగా నాకచందుడి పేరు మనుమల్లోకి నడిచినట్టే. సన్యాసులు సంసారుల పద్ధతినే అనుసరించారు. తల్లి మాత్రం ఆ వరసలో లేదు. చంద్రప్రభుడికీ ఒక తల్లి ఉండాలి కదా!

స్తంభాల మీద ఉన్న వాక్యం ఒక్కచోట కాదు, ఒకటికి మించి స్తంభాల మీద చెక్కి ఉంది. తూర్పు ద్వారం నుంచి వచ్చేవాళ్ళు చూడాలని. వచ్చేవాళ్ళలో చదవగలిగేవాళ్ళు ఎందరు? కొద్దిమందే అయి ఉంటారు. మిగతావాళ్ళకు ఎవరో చదివి వినిపించి ఉంటారు. ఒక సంసారం పేర్లు, నాయనమ్మ నుంచి పసిపిల్లల దాకా, దారిన పోయేవాళ్ళందరి ముందూ గట్టిగా పలికారన్నమాట. మన గొడవ లోకానికెందుకు అనుకోలేదు సిద్ధార్థుడు. తన పిల్లల పేర్లు చెప్పి, ఆ వెంటనే సమస్త ప్రాణుల సుఖం అన్నాడు. ఈ రెంటి మధ్యా గోడ ఉన్నట్టు అతనికి అనిపించలేదు. సొంత పిల్లల గురించి రాస్తే వ్యక్తివాదమనీ, లోకం గురించి రాస్తే సామాజికమనీ విడగొట్టుకున్న మనం ఈ వాక్యం నిర్మాణాన్ని కాస్త పరిశీలించవచ్చు.

మా అమ్మాయి ఈ శాసనం గురించి నన్ను రెండు ప్రశ్నలు అడిగింది. తల్లి పేరు ముందెందుకు రాశాడన్నది మొదటిది. నాకు తెలిసినంత చెప్పాను, పైన రాసిందదే. సిధథనిక, నాకబుధనిక ఇద్దరూ కలిసి ఆడుకునేవాళ్ళా అన్నది రెండోది. అన్నదమ్ములు ఒక ఊళ్ళో ఉంటే ఆడుకునే ఉంటారన్నాను.

వర్షాకాలం ఎనిమిదో పక్షమంటే ఆ కాలపు లెక్కలో వానకారు ఆఖరి పక్షం, మన కార్తీకం చుట్టుపక్కల. వానలు వెనకపట్టి, బాటలు ఆరి, బండ్లు నడిచే రోజులు. మహాకాండూరూరు నుంచి వెలగిరికి ఇంటిల్లిపాదీ వచ్చి ఉంటారు. ముందు నాగిలని. ఆడపిల్లల వయసెంతో రాతి మీద లేదు. బాలిక అని మాత్రం చెక్కి ఉంది, ఇద్దరికీ.